‘మ’తో మొదలయ్యే అరుదైన పండ్లు: పేరు సరిచూడటం నుంచి గింజ నాటడం దాకా

దూరదేశపు పండు ఒకటి కష్టపడి సంపాదించి తిన్నవాళ్లలో చాలామంది చివరికి అనే మాట “పేరు గొప్ప, ఊరు దిబ్బ” అనే. నాకు ఆ మాట వింటే బాధగా ఉంటుంది. ఎందుకంటే వాళ్ల చేతికొచ్చింది చాలాసార్లు మంచి పండే. తిన్న రోజే సరైనది కాదు. పచ్చిగా ఉన్నప్పుడు కోసి ఉంటారు, లేదా పాడైపోయిందనుకుని సరిగ్గా తినాల్సిన రోజున పారేసి ఉంటారు. అరుదైన పండ్ల విషయంలో డబ్బు, దూరం, దొరకడం అన్నీ తర్వాతి సంగతులు. అసలు విద్యంతా అది మాగిందో లేదో తెలుసుకోవడంలోనే ఉంది.

ఈ మార్గదర్శికి ‘మ’ అక్షరాన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఈ ఒక్క అక్షరం కింద పండ్లు మాగే తీరులన్నీ కనిపిస్తాయి. మాంగోస్టీన్, మమే, మెడ్లార్, మాన్‌స్టెరా, మరాంగ్, మరులా, మస్కడైన్, మేహా, మిరాకిల్ ఫ్రూట్, మాంక్ ఫ్రూట్. వీటిలో ఒకటి చెట్టు మీదే పూర్తిగా పండాలి, ఇంకొకటి నేల రాలాకే పండుతుంది. ఒకటి కుళ్లినట్టు కనిపించేదాకా ఆగాలి, మరొకటి తొందరపడితే నోరంతా గుచ్చేస్తుంది. ఈ పది పండ్లను చదవడం వస్తే, పేరు కూడా తెలియని పదకొండో పండు చేతికొచ్చినా ఎక్కడ మొదలుపెట్టాలో మీకు తెలుస్తుంది.

అడుగు 1: పేరు సరిచూసుకోండి

ఇది చాదస్తం కాదు, భద్రత. వాడుక పేర్లు ఒక్కో ప్రాంతంలో ఒక్కో పండును సూచిస్తాయి. ‘మ’ పండ్లలో దీనికి పెద్ద ఉదాహరణ మమే.

మెక్సికో, మధ్య అమెరికా, క్యూబాల్లో ప్రాణంగా చూసుకునే మమే సపోటె శాస్త్రీయ నామం పౌటేరియా సపోటా. బయట గోధుమరంగు, ముట్టుకుంటే గరుకు, లోపల నారింజ నుంచి ఎరుపు దాకా మెత్తటి గుజ్జు, మధ్యలో నున్నగా మెరిసే పెద్ద గింజ. కరీబియన్ దీవుల్లో దొరికే మామీ యాపిల్ వేరే చెట్టు, వేరే కుటుంబం. దాని పేరు మమ్మియా అమెరికానా. అదీ గోధుమరంగు గుండ్రటి పండే, అదీ లోపల పసుపు–నారింజే. కానీ దాని తోలు కింద గుజ్జును అంటిపెట్టుకుని తెల్లటి పలుచని పొర ఉంటుంది. అది చేదు. దాన్ని పూర్తిగా గీకేశాకే తినాలి. గింజలు విషపూరితం, పురుగుల్ని చంపడానికి వాడేవాళ్లు. మొదటి పండుకు చెప్పిన పద్ధతి రెండో పండు మీద ప్రయోగిస్తే చేదు తప్ప ఇంకేమీ మిగలదు.

అందుకే కొనేటప్పుడు గానీ, ఎవరైనా ఇచ్చినప్పుడు గానీ శాస్త్రీయ నామం అడగండి. వాళ్లకు తెలియకపోతే ఆకు, గింజ, తోలు ఫొటోలతో సరిపోల్చండి. గుర్తింపు పక్కా అయ్యేదాకా ఏ పండూ తినకండి. ఇంకో మాట. ఉత్తర అమెరికా అడవుల్లో మే యాపిల్ అని ఒకటుంది. అదీ ‘మ’ జాబితాలోదే, కానీ నేను పైన చేర్చలేదు. ఆ మొక్క వేరు, ఆకు, గింజ, పచ్చికాయ అన్నీ విషమే. బాగా పండిన గుజ్జు ఒక్కటే తినదగినది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు అది తగిన పండు కాదని నా గట్టి అభిప్రాయం.

అడుగు 2: ఈ పండు ఎక్కడ మాగుతుందో తెలుసుకోండి

పండు చేతిలోకి రాగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. కోసిన తర్వాత మాగేదైతే మనం ఆగాలి. కోశాక ఇక మారనిదైతే ఆగిన కొద్దీ నష్టం. మమే, మెడ్లార్, మాన్‌స్టెరా, మరాంగ్ మొదటి రకం. మస్కడైన్, మిరాకిల్ ఫ్రూట్ రెండో రకం; అవి కోశాక ఇంకా తియ్యగా మారవు. మాంగోస్టీన్ మధ్యస్థం. తోలు మీద ఎర్ర జీర వచ్చాక కోస్తే రంగు తిరిగి ఊదాగా పండుతుంది గానీ, మన దగ్గరికి వచ్చేసరికి ఆ పని ముగిసే ఉంటుంది. మరులా పద్ధతి వీటన్నిటికీ భిన్నం, దాని దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

అడుగు 3: మాంగోస్టీన్ ఎంచుకోవడం, తెరవడం

పేరులో ‘మాంగో’ ఉన్నా మామిడితో దీనికి చుట్టరికం లేదు. ఇది ఆగ్నేయాసియా చెట్టు, గార్సీనియా మాంగోస్టానా.

ఎంచుకునేటప్పుడు బొటనవేలితో తోలును మెల్లగా నొక్కండి. కాస్త లొంగితే మంచిది. రాయిలా ఉంటే వదిలేయండి. గట్టిపడిన తోలు అంటే పండు పాతబడిందనో, కింద పడి దెబ్బ తిన్నదనో అర్థం, లోపలి తొనలు చాలాసార్లు చెడిపోయి ఉంటాయి. తొడిమ దగ్గర కిరీటంలా ఉండే ముచ్చిక రేకులు పచ్చగా ఉన్నాయో ఎండాయో చూడండి. పచ్చగా ఉంటే కోసి ఎక్కువ రోజులు కాలేదు. తోలు మీద పసుపు జిగురు మరకలు ఎక్కువగా ఉంటే అనుమానించాలి. ఆ జిగురు లోపలికి కూడా దిగి ఉంటే తొన చేదెక్కుతుంది.

ఇప్పుడు పండును తలకిందులు చేయండి. అడుగున చిన్న పువ్వు ముద్ర కొట్టినట్టు ఒక గుర్తు ఉంటుంది. దానికి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలుంటాయి. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది. ఇది నమ్మకం కాదు, పువ్వు నిర్మాణమే అంత. ఆ గుర్తు పువ్వు కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొస) తాలూకు ఆనవాలు, దాని భాగాలూ లోపలి గదులూ ఒకే లెక్కలో ఏర్పడతాయి. రేకులు ఎక్కువున్న పండులో చిన్న తొనలు ఎక్కువగా ఉంటాయి, వాటిలో గింజ ఉండదు. పెద్ద తొన ఒకటో రెండో మాత్రమే గింజతో ఉంటాయి. నేనైతే ఆరు రేకులకు తక్కువ లేనివే ఏరుకుంటాను.

తెరవడానికి కత్తి అవసరం లేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి, బొటనవేళ్లతో నడుం దగ్గర నొక్కితే తోలు చిట్లుతుంది. పై సగం టోపీలా లేచి వస్తుంది. కత్తే వాడాలనుకుంటే నడుం చుట్టూ తోలు మందం మేరకే, అంటే అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ లోతు మాత్రమే గాటు పెట్టి తిప్పండి. తోలు రసం బట్టల మీద పడితే మరక పోదు. ఆగ్నేయాసియాలో కొన్ని హోటళ్లు గదుల్లోకి మాంగోస్టీన్ తేవద్దని బోర్డు పెట్టేది ఇందుకే. తొనలు మంచు తెలుపులో ఉండాలి. అద్దంలా పారదర్శకంగా, కరకరలాడుతూ ఉంటే వానలకు నీరు పట్టిన పండు. హాని లేదు గానీ రుచి ఉండదు.

అన్నట్టు, మామూలు ఫ్రిజ్ చలి దీనికి పడదు. తోలు గట్టిపడిపోతుంది. చల్లగా, గాలి తగిలే చోట పెట్టి కొద్ది రోజుల్లోనే తినేయండి.

అడుగు 4: మమే గిల్లి చూడటం

మమే చెట్టు మీద పువ్వు నుంచి కాయ ముదరడానికి ఏడాదికి పైనే పడుతుంది. అంతకాలం బయటి రంగు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాబట్టి కళ్లతో చూసి ముదిరిందని చెప్పడం కుదరదు. రైతులు చేసేదే మీరూ చేయండి. తొడిమ దగ్గర తోలును గోటితో కొద్దిగా గిల్లండి. కింద పచ్చగా ఉంటే అది లేత కాయ, ఎన్ని రోజులు ఉంచినా బాగుపడదు. గులాబీ, నారింజ, ఎరుపు ఛాయ కనిపిస్తే ముదిరిన కాయ, మాగబెట్టుకోవచ్చు.

ముదిరిన కాయను గది ఉష్ణోగ్రతలో ఉంచండి. కాగితం సంచిలో పెడితే కొంచెం త్వరగా మాగుతుంది. రోజుకొకసారి నొక్కి చూడండి. మొత్తం సమానంగా మెత్తబడాలి. ఒక వైపు మెత్తగా, ఇంకో వైపు గట్టిగా ఉంటే ఇంకా ఆగాలి. పూర్తిగా మాగని మమే వగరుగా, పిండిపిండిగా ఉంటుంది. మాగాక నిలువునా కోసి, గింజ తీసి, చెంచాతో తినడమే. ఉడికిన చిలగడదుంప, గుమ్మడి, దానికి కాస్త బాదం వాసన చేరిస్తే వచ్చే రుచి. పులుపు అసలు ఉండదు, కాబట్టి పులుపు ఇష్టపడేవాళ్లు పైన నిమ్మరసం పిండుకోవచ్చు.

క్యూబాలో దీన్ని పాలతో మిక్సీలో కొట్టి బతీదో చేస్తారు. నా మట్టుకు నాకు మమేకి ఇంతకంటే మంచి వాడకం లేదు. ఒక కప్పు గుజ్జుకు ఒక కప్పు చల్లటి పాలు, చిటికెడు ఉప్పు. చక్కెర ముందే వేయకండి, రుచి చూశాకే. గింజను మెక్సికోలోని వహాకాలో తెహాతే అనే పానీయంలో వాడతారు. అయితే దానికి వాళ్ల దగ్గర ప్రత్యేకమైన శుద్ధి పద్ధతి ఉంది. పచ్చి గింజ జోలికి మీరు వెళ్లకండి.

అడుగు 5: మెడ్లార్‌ను మాగేయడం

ఈ మొత్తం జాబితాలో ఓపికకు అసలైన పరీక్ష ఇదే, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. మెడ్లార్, శాస్త్రీయ నామం మెస్పిలస్ జెర్మానికా. పేరులో జర్మనీ ఉన్నా పుట్టిల్లు కాస్పియన్ సముద్రం, నల్ల సముద్రం చుట్టుపక్కల ప్రాంతాలు. ఇరాన్‌లో, టర్కీలో ఇప్పటికీ మామూలుగా తింటారు. యూరప్‌లో మధ్యయుగాల్లో శీతాకాలపు పండు ఇదే; చక్కెర చవకయ్యాక, దిగుమతి పండ్లు వచ్చాక మరుగున పడిపోయింది.

చిన్నపాటి గోధుమరంగు పండు, అడుగున, అంటే తొడిమకు ఎదురు కొసన, విచ్చుకున్న పెద్ద ముచ్చిక. చెట్టు మీద ఉన్నప్పుడు కొరికితే నాలుక ముడుచుకుపోయేంత వగరు. శరత్కాలం చివర్లో, ఆకు రాలుతున్నప్పుడు, ఒకటి రెండు సార్లు మంచు పడ్డాక కోస్తారు. ఆ తర్వాత పని ఇలా:

పొడి వాతావరణం ఉన్న రోజున తొడిమతో సహా కోయండి. దెబ్బ తగిలినవి వేరుగా పెట్టండి, అవి ముందే కుళ్లుతాయి. ట్రేలో ఎండుగడ్డి గానీ కాగితం గానీ పరిచి, పండ్లను ముచ్చిక కిందికి, తొడిమ పైకి వచ్చేలా ఒకే వరుసలో పేర్చండి. ఒకదానికొకటి తగలకూడదు. తగిలిన చోటే బూజు మొదలవుతుంది. తొడిమ కొసల్ని ముందుగా ఉప్పునీళ్లలో ముంచి ఆరబెట్టే పాత పద్ధతి ఒకటుంది, అది బూజును ఆపడానికే. ట్రేను చల్లగా, చీకటిగా, గాలి ఆడే చోట పెట్టండి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అన్నీ ఒకేసారి మాగవు, కాబట్టి రెండు మూడు రోజులకొకసారి చూసి, సిద్ధమైనవాటిని ఏరుకోవాలి.

సిద్ధమైన మెడ్లార్‌కూ కుళ్లిన మెడ్లార్‌కూ తేడా తెలియక చాలామంది ఈ దశలో మొత్తం ట్రే పారేస్తారు. కాబట్టి దగ్గరగా చూద్దాం. మాగినదాని తోలు మెరుపు పోయి, సన్నగా ముడతలు పడుతుంది. రంగు లేత గోధుమ నుంచి ముదురు గోధుమకు, మచ్చలు మచ్చలుగా కాకుండా పండంతా ఒకేలా మారుతుంది. వేలితో నొక్కితే లోపలికి వెళ్తుంది గానీ తోలు చిట్లదు. వాసన పులిసిన యాపిల్ రసంలా తియ్యగా ఉంటుంది. కుళ్లినదానికి నూగు బూజు ఉంటుంది, ఒకే చోట నల్లగా నీరు కారుతుంది, వాసన ఘాటుగా ముక్కుకు తగులుతుంది. లోపల జరిగే మార్పు ఏమిటంటే, వగరును ఇచ్చే టానిన్లూ, పులుపును ఇచ్చే ఆమ్లాలూ తగ్గి, తీపి పైకి తేలుతుంది.

తినడానికి తొడిమ వైపు చిన్న రంధ్రం చేసి గుజ్జును పీల్చేయొచ్చు, లేదా రెండుగా చీల్చి చెంచాతో తీసుకోవచ్చు. లోపల ఐదు గట్టి గింజలుంటాయి, మింగకండి. రుచి చిక్కగా ఉడికిన యాపిల్ గుజ్జుకీ ఖర్జూరానికీ మధ్యలో ఉంటుంది.

ఎక్కువగా దొరికితే జెల్లీ చేయండి. మాగినవి ముప్పావు వంతు, ఇంకా గట్టిగా ఉన్నవి పావు వంతు తీసుకోండి. గట్టివాటిలో పెక్టిన్ ఎక్కువ, జెల్లీ గడ్డకట్టేది దానివల్లే. ముక్కలు కోసి, మునిగేంత నీళ్లు పోసి, మెత్తబడేదాకా సన్నటి మంట మీద ఉడికించి, పలుచని గుడ్డలో వేసి రాత్రంతా వేలాడదీయండి. గుడ్డను పిండకూడదు, పిండితే జెల్లీ మసకబారుతుంది. లీటరు రసానికి ముప్పావు కిలో చక్కెర, ఒక నిమ్మకాయ రసం కలిపి పాకం పట్టాలి. చల్లటి పళ్లెం మీద చుక్క వేసి, వేలితో తోస్తే ముడత పడినప్పుడు దించేయండి. మొదట మబ్బుగా ఉన్న రసం ఉడికే కొద్దీ మంచి ఎర్రటి రంగుకు తిరుగుతుంది.

అడుగు 6: మాన్‌స్టెరా విషయంలో అసలు తొందరపడకండి

ఇళ్లలో, ఆఫీసుల్లో కుండీల్లో పెంచే చిల్లుల ఆకుల మొక్క అందరికీ తెలుసు. దాని పూర్తి పేరు మాన్‌స్టెరా డెలిసియోసా అనీ, ఆ ‘డెలిసియోసా’ పండును ఉద్దేశించిందనీ తెలిసినవాళ్లు తక్కువ. దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న వానాడవులు దీని స్వస్థలం. పోర్చుగల్‌కు చెందిన మదైరా దీవిలో దీన్ని పండు కోసమే మార్కెట్లో అమ్ముతారు. కుండీలో, గది లోపల ఇది కాయడం చాలా అరుదు.

పచ్చటి మొక్కజొన్న కంకిని ఊహించుకోండి. గింజల బదులు ఒంటినిండా ఆరు పలకల పొలుసులు. పువ్వు వచ్చాక ఈ కంకి పండటానికి దాదాపు ఏడాది పడుతుంది. ఇది చేమ, కంద మొక్కల కుటుంబానికి చెందినది కాబట్టి ఆ కుటుంబపు గుణం దీనికీ ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు కాల్షియం ఆక్సలేట్ సూదులు నిండా ఉంటాయి. కొరికితే నోరు, గొంతు గుచ్చినట్టు మండి వాచిపోతాయి. పండే కొద్దీ ఆ ఇబ్బంది తగ్గుతుంది. తగ్గిందని చెప్పే నమ్మకమైన గుర్తు ఒక్కటే: పొలుసు తనంతట తాను రాలడం.

కింది వరుస పొలుసుల మధ్య సందులు పడటం మొదలయ్యాకే కంకి కోయాలి. కోసిన కంకిని తొడిమ వైపు కిందికి ఉండేలా ఎత్తైన గ్లాసులో నిలబెట్టి, పైన కాగితం సంచి తొడగండి. కొద్ది రోజుల్లో కింది నుంచి పైకి పొలుసులు ఊడుతూ వస్తాయి. మొదటి రోజు రెండు అంగుళాల మేర ఊడితే ఆ రెండు అంగుళాలే తినాలి. మిగతాదాన్ని మళ్లీ గ్లాసులో నిలబెట్టేయండి. ఒక కంకి పూర్తి కావడానికి చాలా రోజులు పట్టొచ్చు, అది దాని స్వభావం. ఊడని పొలుసును గోటితో పెకలించి లోపలిది తినడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

పొలుసులు రాలాక లేత పసుపు గుజ్జు ముత్యాల్లా వరుసలుగా కనిపిస్తుంది, మధ్య మధ్య సన్నటి నల్ల పొరలుంటాయి. అవి పువ్వు అవశేషాలు. గొంతులో గరగర పెడతాయి. చల్లటి నీళ్ల ధార కింద పెట్టి వేలితో తుడిస్తే చాలావరకు పోతాయి. గుజ్జు వాసనే గది నింపేస్తుంది. అనాస, అరటి కలిసిన తీపి. పూర్తిగా మాగినది తిన్నా కొందరికి నోరు చిమచిమలాడుతుంది, కాబట్టి మొదటిసారి ఒకే ఒక్క ముక్క తిని, అరగంట ఆగి, ఏ ఇబ్బందీ లేకపోతేనే ఇంకొంచెం తీసుకోండి. చిన్నపిల్లలకు ఇది పెట్టకపోవడమే మంచిది.

అడుగు 7: మరాంగ్ తెరిస్తే వెంటనే తినేయండి

మాన్‌స్టెరాకు పూర్తి విరుద్ధం మరాంగ్. బోర్నియోలో తరప్ అంటారు. ఫిలిప్పీన్స్‌లోని మిందనావ్‌లో మరాంగ్. పనస జాతిదే, కానీ చిన్నది, ఒంటినిండా మెత్తటి ముళ్లలాంటి వెంట్రుకలు. పచ్చగా గట్టిగా ఉన్నప్పుడు కోసి ఇంట్లో మాగబెడతారు, ఎందుకంటే చెట్టు మీదే వదిలేస్తే రాలి పగిలిపోతుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడి, ఘాటైన వాసన దూరానికే తెలిస్తే సిద్ధమైనట్టు. ఆ వాసన చూసి వెనకడుగు వేయకండి, రుచి అంత ఘాటుగా ఉండదు.

నడుం చుట్టూ పైపైన గాటు పెట్టి, రెండు సగాలనూ కొద్దిగా తిప్పి పైకి లాగండి. మధ్య కాండం చుట్టూ తెల్లటి తొనలు గుత్తిగా నిలబడి ఉంటాయి. చేత్తోనే ఒక్కొక్కటి తుంచుకోవచ్చు. తెరిచిన కొద్ది గంటల్లోనే రుచి దిగిపోతుంది, అందుకే ఇది ఇంతవరకు పెద్ద ఎగుమతి పండు కాలేకపోయింది. తినేవాళ్లందరూ కూర్చున్నాకే కోయండి. గింజలు పారేయకండి, ఉడికించి గానీ వేయించి గానీ తినొచ్చు.

అడుగు 8: ఏరుకునేవి, పిండుకునేవి

మరులా దక్షిణాఫ్రికా ప్రాంతపు చెట్టు, మామిడి కుటుంబంలోది. కాయలు పచ్చగానే రాలి, నేల మీదే పసుపు తిరుగుతాయి. అందుకని దీన్ని కోయరు, ఏరుతారు. పసుపు తిరిగినవి, పగుళ్లు లేనివి ఎంచుకుని, తోలుకు కొస దగ్గర గాటు పెట్టి పిండితే గుజ్జు అంటుకున్న టెంక బయటికొస్తుంది. దాన్ని చప్పరించడమే. పులుపు, తీపి రెండూ గట్టిగా ఉంటాయి, విటమిన్ సి నారింజ కంటే ఎక్కువ. టెంకలో నూనె నిండిన పప్పు ఉంటుంది, పగలగొట్టడం మాత్రం కష్టమైన పనే. రాలిన మరులా తిని ఏనుగులు మత్తెక్కి తూలతాయనే కథ బాగా ప్రచారంలో ఉంది. ఏనుగు శరీర పరిమాణం, అది తినగల పండ్లు, వాటిలో ఉండగల ఆల్కహాలు లెక్కగట్టి 2006లో ప్రచురించిన ఒక పరిశోధన అది దాదాపు అసాధ్యమని తేల్చింది.

మస్కడైన్ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల ద్రాక్ష. తోలు మందం. మామూలు ద్రాక్షలా నమిలితే నిరాశే. తొడిమ ఊడిన చోటును పెదవుల మధ్య పెట్టి వెనక నుంచి నొక్కండి, గుజ్జు నోట్లోకి జారుతుంది, గింజలు ఉమ్మేయండి. గుత్తిలో అన్నీ ఒకేసారి పండవు, విడివిడిగా కోయాలి. మేహా కూడా అక్కడిదే, చిత్తడి నేలల్లో పెరిగే చిన్న ఎర్ర పండు. వసంతం చివర్లో నీళ్ల మీద రాలి తేలుతుంటే వలలతో ఎత్తుకుంటారు. పుల్లగా ఉంటుంది, జెల్లీకే బాగుంటుంది.

అడుగు 9: రుచిని మార్చే రెండు పండ్లు

మిరాకిల్ ఫ్రూట్ పశ్చిమాఫ్రికాది. ఎర్రటి చిన్న పండు, లోపల ఒక పెద్ద గింజ. దాని రుచి నామమాత్రమే. విశేషమంతా అందులోని మిరాక్యులిన్ అనే ప్రొటీన్‌ది. 1968లో శాస్త్రవేత్తలు దాన్ని విడదీశారు. ఈ ప్రొటీన్ నాలుక మీది తీపి గ్రాహకాలకు అతుక్కుని ఊరికే కూర్చుంటుంది. పుల్లటిది తగలగానే ఆ గ్రాహకాలను కదిలిస్తుంది. నిమ్మకాయ నాలుకకు తియ్యగా తెలుస్తుంది.

ఫలితం బాగా రావాలంటే ముందు వేడి పానీయాలు తాగకండి, నోరు మామూలు నీళ్లతో పుక్కిలించండి. పండును నోట్లో వేసుకుని గుజ్జును గింజ నుంచి విడదీసి, నాలుక అంతటికీ, అంచులకూ తగిలేలా ఒకటి రెండు నిమిషాలు తిప్పండి. గింజ ఉమ్మేయండి. ఇప్పుడు నిమ్మ ముక్క. ప్రభావం అరగంట నుంచి రెండు గంటల దాకా ఉంటుంది. ఉప్పు, చేదు మారవు. ఒక్క హెచ్చరిక: నిమ్మ తియ్యగా అనిపించినంత మాత్రాన అందులోని ఆమ్లం తగ్గదు. హుషారులో అరడజను నిమ్మకాయలు తింటే పళ్ల ఎనామిల్‌కూ కడుపుకూ దెబ్బే. తాజా పండ్లు రెండు మూడు రోజులకే పాడవుతాయి కాబట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. వండకూడదు, వేడికి ఆ ప్రొటీన్ పనిచేయదు.

మాంక్ ఫ్రూట్ తీరు దీనికి రివర్స్. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతపు తీగ పండు ఇది. దీని తీపినిచ్చే మొగ్రోసైడ్లు చక్కెర కంటే 200 రెట్లకు పైగా తియ్యన, వేడికి చెదరవు. తాజా పండు త్వరగా చెడుతుంది కాబట్టి ఎండబెట్టి అమ్ముతారు. కొనేటప్పుడు పగుళ్లు లేనిది చూసి, చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గలగలలాడకూడదు. బొటనవేలితో పెంకు పగలగొట్టి, సగం పండును గుజ్జు, గింజలతో సహా లీటరు నీళ్లలో వేసి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు మరిగించి వడకట్టండి. చక్కెర వేయాల్సిన పని లేదు. ఈ పండు పేరుతో అమ్మే తీపి పొడుల్లో చాలావాటికి ఎరిత్రిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) లాంటి వేరే పదార్థాలు కలుస్తాయి, లేబుల్ చదివి తీసుకోండి.

అడుగు 10: గింజలు, తరలింపు

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పండ్లు, గింజలు తీసుకెళ్లేముందు క్వారంటైన్ నియమాలు చూసుకోవాలి. ఇవి పండు ఈగల్లాంటి పురుగుల భయంతో పెట్టినవి. థాయిలాండ్ తాజా మాంగోస్టీన్‌ను అమెరికా 2007లో అనుమతించింది కూడా రేడియేషన్‌తో శుద్ధి చేయాలనే షరతు మీదే.

నాటాలనుకుంటే గింజను ఎండబెట్టకండి. మాంగోస్టీన్, మమే, మరాంగ్ గింజలు ఎండితే చచ్చిపోతాయి. గుజ్జు కడిగి, అదే రోజు తడి మట్టిలో పెట్టాలి. మాంగోస్టీన్ గింజ ఫలదీకరణ లేకుండానే ఏర్పడుతుంది, కాబట్టి మొక్క తల్లిచెట్టుకు నకలే అవుతుంది. మంచి పండు గింజే నాటండి. కాపుకు ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మమే గింజ మొక్క కూడా అంతే ఆలస్యం చేస్తుంది. అంటు మొక్క అయితే మూడు నుంచి ఐదేళ్లు. మెడ్లార్‌ను క్విన్స్ (యాపిల్ కుటుంబానికి చెందిన చిన్న చెట్టు) మీద అంటు కట్టినది తీసుకుంటే చాలు, ఒంటరి చెట్టే కాస్తుంది. మరులాకు మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు, ఒక్కటి నాటితే కాయకపోవచ్చు.

కుండీలో పెంచుకోవడానికి వీటిలో అనువైనది మిరాకిల్ ఫ్రూట్. దానికి ఆమ్ల గుణం గట్టిగా ఉన్న మట్టి కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.8 మధ్య. కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువుంటే ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి; అప్పుడు వాన నీళ్లు పట్టి పోయండి. మూడు నాలుగేళ్లకు మొదటి ఎర్ర పండ్లు కనిపిస్తాయి. అవి పూర్తిగా ఎరుపెక్కి, ముట్టుకుంటే చేతిలోకి వచ్చేదాకా కోయకండి.